అరగంటలో పనిచేసే పొడి

ఈవేళ్టి విషయం ఏమిటో తెలియగానే కొన్ని ఇళ్లలో రేడియో గొంతు తగ్గుతుంది. ఫరవాలేదు, తగ్గించుకునే వినండి. కట్టేయకండి, అంతే నేను కోరేది. మగవాళ్ల దాంపత్య ఆరోగ్యం గురించీ, అది తగ్గిందనుకున్నప్పుడు వాళ్లు చాటుగా తినే వేర్లు, పొడులు, లేహ్యాల గురించీ ఓ ఇరవై నిమిషాలు మాట్లాడుకుందాం. ఆడవాళ్లు కూడా వినండి. మీకు చెప్పాల్సింది చివర్లో ఉంది.

ముందే ఒక మాట. నేను సెక్సు వైద్యంలో ప్రత్యేకంగా చదువుకున్నవాణ్ని కాను. షుగరు, బీపీ, ఆయాసం, గుండెదడ చూసే మామూలు డాక్టర్ని. ఈ బాధ ఉన్నవాళ్లు మొదట రావాల్సింది మామూలు డాక్టరు దగ్గరకేనని నా వాదన. ఎందుకో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

గోడల దగ్గర మొదలుపెడదాం. మీరు రైల్లో వెళుతుంటారు. స్టేషను ఇంకా రాలేదు. పట్టాల పక్కన గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. నరాల బలహీనత. సంసార సుఖం. గ్యారంటీ వైద్యం. కింద ఒక ఫోను నంబరు. బస్టాండు మరుగుదొడ్లోకి వెళితే అక్కడా అదే. ఈమధ్య ఆ గోడ మన ఫోన్లోకీ వచ్చేసింది. మీరు అడగకపోయినా అర్ధరాత్రి పూట వచ్చి పలకరిస్తుంది.

ఈ రాతలు చట్టవిరుద్ధమని మీకు తెలుసా? మందుల గురించి, మాయ చికిత్సల గురించి ఇచ్చే అభ్యంతరకర ప్రకటనల మీద 1954లోనే కేంద్రం ఒక చట్టం చేసింది. నపుంసకత్వం పోగొడతామని, సంభోగ శక్తి పెంచుతామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ మందు మంచిదా చెడ్డదా అన్న విచారణ దాకా పోనక్కర్లేదు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, మళ్లీ చేస్తే ఏడాది దాకా. చట్టం వచ్చి 70 ఏళ్లు దాటింది. గోడల మీద రంగు మాత్రం ఇంకా ఆరలేదు.

ఆ గోడ మొదట అమ్మేది భయం. మందు అమ్మకం తర్వాత సంగతి. భయం లేనివాడు ఆ నంబరుకు ఫోను చేయడు కదా!

ఒక ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని ఊహించుకోండి. హాస్టల్లో ఉంటాడు. చదువు సాగదు, ఆకలి లేదు, ఒంట్లో నీరసం. నెలకు మూడు నాలుగు సార్లు నిద్రలో స్ఖలనం అవుతుంది. హస్తప్రయోగం అలవాటుంది. నూరు చుక్కల నెత్తురు కలిస్తేగాని ఒక చుక్క వీర్యం కాదని ఎవరో చెప్పారు. ఇక వాడు లెక్కలు వేయడం మొదలుపెడతాడు. తన ఒంట్లోంచి ఎంత నెత్తురు పోయిందో అని. నీరసం ఇంకా పెరుగుతుంది. ఎందుకు పెరగదు? తిండి మానేసి, నిద్ర మానేసి దిగులుపడితే ఎవరికైనా నీరసమే.

ఈ దిగులును డాక్టర్లు చాలాకాలం కిందటే గుర్తించారు. నరేంద్రనాథ్ విగ్ అనే మన దేశపు మానసిక వైద్యుడు 1960లో దీనికి ధాతు సిండ్రోమ్ అని పేరుపెట్టారు. వీర్యం పోవడం వల్ల వచ్చే జబ్బు కాదిది. వీర్యం పోతోందన్న దిగులు వల్ల వచ్చే జబ్బు. ఇది మన దేశానికే పరిమితమనీ అనుకోవద్దు. స్విట్జర్లాండులో టిస్సో అనే డాక్టరు హస్తప్రయోగం మనిషిని కుళ్లబొడుస్తుందని 1760లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం పుణ్యమా అని యూరప్ కుర్రాళ్లు వందేళ్లకు పైగా వణికారు.

నిజమేమిటంటే, వీర్యంలో ఎక్కువ భాగం ప్రొస్టేట్ గ్రంథీ, దాని పక్కనే ఉండే మరో జత గ్రంథులూ ఊరించే ద్రవం. అందులో వీర్యకణాలు నూటికి ఐదు వంతులు కూడా ఉండవు. నెత్తురు మరిగి వీర్యం కావడం అంటూ శరీరంలో ఎక్కడా జరగదు. నిద్రలో స్ఖలనం సహజం. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, పెళ్లికి పనికిరాకుండా పోరు. మూత్రం తెల్లగా పోతోందా? చాలాసార్లు అది మూత్రంలోని లవణమే. అనుమానం ఉంటే ఒక్కసారి మూత్రపరీక్ష చేయించుకోండి. మళ్లీ చెబుతున్నాను, హాస్టళ్లలో వింటున్న కుర్రాళ్ల కోసం. నెత్తురుకీ వీర్యానికీ లెక్క లేదు. ఆ లెక్క కట్టించినవాడే మీకు పొడి అమ్ముతాడు.

ఇంకో భయం, తొందరగా అయిపోతోందని. దేనితో పోల్చుకుని తొందర? ఫోనులో చూసే బొమ్మలతో. నెదర్లాండ్స్, బ్రిటన్, స్పెయిన్, టర్కీ, అమెరికా దేశాల్లో దాదాపు ఐదువందల జంటలకు గడియారాలు ఇచ్చి మరీ లెక్క చూశారు. 2005లో ఆ ఫలితం అచ్చయింది. మధ్యస్థంగా ఎంత తేలిందో తెలుసా? ఐదున్నర నిమిషాలు కూడా లేదు. ఆ సంగతి తెలిస్తే సగం మంది ఇంటికి వెళ్లి హాయిగా పడుకుంటారు. నిజంగా నిమిషం లోపే అయిపోతూ, అది బాధపెడుతుంటే దానికి మంచి చికిత్స ఉంది. డాక్టరు దగ్గర ఉంది, గోడ మీద లేదు.

సరే. ఇప్పుడు నడివయసు వాళ్ల సంగతికి వద్దాం. నా అసలు కథ ఇక్కడే.

ఈ విషయంలో మూడు వేరువేరు సంగతులను జనం ఒకటిగా కలిపేస్తారు. కోరిక ఒకటి. పటుత్వం ఒకటి, అంటే అంగస్తంభన. సంతానం కలగడం ఇంకొకటి. కోరిక ఉండీ పటుత్వం లేకపోవచ్చు. పటుత్వం బ్రహ్మాండంగా ఉండీ పిల్లలు పుట్టకపోవచ్చు. కారణాలు వేరు, చికిత్సలు వేరు. ఎవరైనా ఒకే పొట్లం చూపించి మూడింటికీ ఇదే మందు అన్నారంటే, అక్కడినుంచి లేచి వచ్చేయండి.

పటుత్వం గురించే ఎక్కువ చెబుతాను. ఎక్కువమంది దిగులు దాని గురించే కాబట్టి.

అంగస్తంభన అంటే ఏమిటి? నెత్తురు వెళ్లి నిండటం. అంతే. మనసులో కోరిక పుట్టగానే మెదడు నుంచి నరాల ద్వారా కబురు వెళుతుంది. అక్కడి రక్తనాళాల దగ్గర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానివల్ల నాళాల కండరాలు వదులై, వెడల్పవుతాయి. నెత్తురు దూసుకొచ్చి నిండుతుంది. నిండినకొద్దీ బయటికి పోయే సిరలు నొక్కుకుపోతాయి. నెత్తురు లోపలే నిలుస్తుంది. ఇందులో నరాల పాత్ర ఉంది, కాదనను. షుగరు ముదిరితే నరాలు దెబ్బతింటాయి కూడా. కానీ నడివయసులో ఎక్కువమందికి చెడేది నెత్తురు వెళ్లే దారి. నరాల బలహీనత అని గోడ మీద రాసినవాడికి రక్తనాళం సంగతి పట్టదు.

అనంతపురం వైపు చీనీ తోటకు డ్రిప్పు వేసిన రైతును అడగండి. ఉప్పునీళ్లు పారిస్తే ముందు ఏది మూసుకుపోతుందయ్యా అని. లావు పైపు కాదండీ, చెట్టు మొదట్లో ఉండే సన్నటి గొట్టం అంటాడు. మన ఒళ్లూ అంతే. పురుషాంగానికి వెళ్లే ధమనులు ఒకటి, రెండు మిల్లీమీటర్ల వెడల్పు. గుండెకు వెళ్లే ధమనులు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. షుగరు, బీపీ, కొలెస్ట్రాలు, పొగాకు కలిసి రక్తనాళాలను పాడుచేస్తుంటే మొదట తెలిసిపోయేది సన్నదాంట్లో. గుండెలో తెలిసేది ఆ తర్వాత. ఈ రెండింటికీ మధ్య చాలామందిలో రెండేళ్ల నుంచి ఐదేళ్ల వ్యవధి ఉంటుందని గుండె డాక్టర్లు గమనించారు.

ఈ మాట ఇంకోసారి వినండి. పటుత్వం తగ్గిన రెండు నుంచి ఐదేళ్ల తర్వాత గుండెజబ్బు బయటపడవచ్చు. అందరికీ వస్తుందని కాదు. వచ్చేవాళ్లలో చాలామందికి ముందు ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు ఒక మనిషిని అనుకుందాం. తెనాలిలో చిన్న కిరాణా కొట్టు. వయసు 48. కొంచెం పొట్ట. రోజంతా కుర్చీలో కూర్చునే ఉంటాడు. ఆర్నెల్ల నుంచి ఇబ్బంది. భార్యకు చెప్పలేదు, చెప్పకపోయినా ఆమెకు తెలుసు. ఒక స్నేహితుడు ఒక పొడి ఇచ్చాడు. పాలల్లో కలుపుకోమన్నాడు. కొన్నాళ్లు బాగుందనిపించింది. తర్వాత అది పనిచేయలేదు, ఇంకొకటి తెచ్చుకున్నాడు. అలా రెండేళ్లు. ఈ రెండేళ్లలో అతని షుగరు ఎవరూ చూడలేదు. చూసి ఉంటే రెండువందలు దాటి ఉండేది. బీపీ ఎవరూ చూడలేదు. ఓ తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది, ఎడమ చెయ్యి లాగింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి.

ఆ పొడి అతనికి విషమై ఉండనక్కర్లేదు. ఉత్త శనగపిండే అయినా కావచ్చు. పోయింది రెండేళ్లు. షుగరు అదుపులో పెట్టుకోవడానికి, గుండెను కాపాడుకోవడానికి ఉన్న ఆ రెండేళ్లు పాలల్లో కలిపి తాగేశాడు.

2023లో అచ్చయిన మన వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారం దేశంలో పది కోట్లమందికి పైగా షుగరు వ్యాధి ఉంది. అందులో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. దప్పిక, అతిమూత్రం గమనించనివాళ్లు కూడా పటుత్వం తగ్గితే గమనిస్తారు. అందుకే అంటున్నాను, ఇది మామూలు డాక్టరు చూడాల్సిన విషయమని.

ఇక మూలికలు. మూలికల మీద నాకు కోపం లేదండీ. ఆయుర్వేదానికి ఉన్న ఎనిమిది అంగాల్లో వాజీకరణం, అంటే సంభోగ శక్తికి సంబంధించిన వైద్యం, ఒకటి. చరకుడు తన గ్రంథంలోని చికిత్సాస్థానంలో రసాయనం అనే మొదటి అధ్యాయం అయ్యాక రెండో అధ్యాయం దానికే ఇచ్చాడు. అందులో కూడా మనిషిని పరీక్షించడం ఉంది, శరీరశుద్ధి ఉంది, నిగ్రహం ఉన్నవాడికే ఇవ్వాలన్న నియమం ఉంది. సీసా మీద గుర్రం బొమ్మ వేసి వచ్చినవాడికల్లా అమ్మమని చరకుడు చెప్పలేదు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు నాడి చూస్తాడు, తిండి అడుగుతాడు, నిద్ర అడుగుతాడు. ఈరోజుల్లో షుగరు పరీక్ష కూడా రాస్తాడు. ఆయనతో నాకు పేచీ లేదు.

పెన్నేరు గడ్డనే తీసుకోండి. అశ్వగంధ అన్నా అదే. మన రాయలసీమ నేలల్లో కూడా పండుతుంది. దానిమీద పరిశోధనలు జరిగాయి. మానసిక ఒత్తిడి తగ్గడానికి, నిద్ర పట్టడానికి కొంత పనికొస్తుందని చిన్న చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. ఒత్తిడి తగ్గితే కోరిక కొంత తిరిగి రావడం వింతేమీ కాదు. కానీ పూడుకుపోయిన నాళాన్ని అది తెరవదు. పైగా కొందరిలో అది కాలేయాన్ని దెబ్బతీసి కామెర్లు తెప్పించిన సందర్భాలు వైద్యపత్రికలకు ఎక్కాయి. 2023లో డెన్మార్కు దాన్ని నిషేధించింది. నిషేధించేంత ప్రమాదకరమా అంటే నాకు మనసొప్పదు. కానీ చెట్టు నుంచి వచ్చింది కాబట్టి ఎంతైనా తినవచ్చు అనుకోవడం పొరపాటు. గన్నేరు కూడా చెట్టే కదా.

దూలగొండి తెలుసుగా? బడిలో అల్లరి పిల్లలు పక్కవాడి చొక్కాలో వేసేవాళ్లు. ఆ నూగు తగిలితే ఒకటే దురద. ఆ కాయలోని గింజలను శుద్ధి చేసి వాజీకరణ మందుల్లో వాడతారు. లక్నోలో పిల్లలు లేని మగవాళ్ల మీద పరిశీలిస్తే వీర్యం నాణ్యత మెరుగైందని పరిశోధకులు రాశారు. ఆసక్తికరమైన విషయమే, ఇంకా పెద్ద ఎత్తున చూడాల్సింది ఉంది. అయితే ఆ గింజల్లో ఎల్‌డోపా అనే పదార్థం ఉంటుంది. వణుకుడు రోగానికి, అంటే పార్కిన్సన్ వ్యాధికి, మేం మాత్రల్లో ఇచ్చేది అదే. ఆ మాత్రలు వేసుకునే పెద్దాయన ఇంకెవరో చెప్పారని దూలగొండి పొడి కూడా తింటే మోతాదు మించిపోతుంది. వాంతులు, బీపీ పడిపోవడం, లేనివి కనిపించడం దాకా పోవచ్చు.

పల్లేరు కాయలు మగ హార్మోను పెంచుతాయని వ్యాయామశాలల్లో తెగ ప్రచారం. మనుషుల మీద చేసిన పరీక్షల్లో చాలావరకు ఆ హార్మోను పెరగలేదు. పల్లేరు సంగతి అంతే. శిలాజిత్తు గురించి కూడా ఎక్కువ చెప్పను. రోడ్డు పక్కన గుడారం వేసుకుని నల్లటి ముద్ద అమ్మేవాడు దాన్ని ఎక్కడ తెచ్చాడో, ఎలా శుద్ధి చేశాడో మీకు తెలియదు, చాలాసార్లు వాడికీ తెలియదు. శుద్ధి చేయని శిలాజిత్తులో సీసంలాంటి బరువు లోహాలు ఉండే ప్రమాదం ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో దక్షిణాసియా వాళ్లు నడిపే కొట్లలో అమ్మే ఆయుర్వేద మందులను కొని పరీక్షిస్తే ఐదింట ఒకదాంట్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో తేలింది.

ఇంతవరకు మూలికలో ఉన్నదాని గురించి చెప్పాను. ఇప్పుడు మూలిక పేరు చెప్పి కలిపేదాని గురించి. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. ఈ ప్రసంగంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా నాకు చాలు.

మూలికలు నెమ్మదిగా పనిచేస్తాయి. ఏ వైద్యుణ్ని అడిగినా నలభై రోజులనో, మండలమనో, మూడు నెలలనో అంటాడు. మరి ఒక పొడి వేసుకుంటే అరగంటలో, గంటలో పని జరిగిందంటే? ఏ వేరులోనూ అంత శక్తి లేదు. అందులో ఇంగ్లీషు మందు కలిపి ఉంటారు. సిల్డెనాఫిల్. వయాగ్రా అనే పేరుతో లోకమంతా తెలిసిన మందు అదే.

ఆ మందు కథ కూడా కాస్త చెబుతాను. ఇంగ్లండులోని శాండ్విచ్ అనే ఊళ్లో ఫైజర్ కంపెనీవాళ్లు దాన్ని ఛాతీనొప్పి కోసం పరీక్షించారు. ఛాతీనొప్పికి పెద్దగా పనిచేయలేదు. ఇంకొకచోట పనిచేస్తోందని మందు తీసుకున్నవాళ్లు చెప్పారు. 1998 మార్చిలో అమెరికా దానికి అనుమతినిచ్చింది. ఇందాక నైట్రిక్ ఆక్సైడ్ అన్నానే, రక్తనాళాలను వదులు చేసేది. దాని పనితీరు కనిపెట్టిన ముగ్గురికి సరిగ్గా అదే ఏడాది నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మాత్ర ఆ వాయువు చేసే పనిని ఎక్కువసేపు నిలబెడుతుంది. మంచి మందు. డాక్టరు చూసి, మోతాదు చెప్పి ఇస్తే లక్షల కాపురాలను నిలబెట్టిన మందు.

మరి చిక్కెక్కడ? గుండెజబ్బు ఉన్నవాళ్లలో చాలామంది జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంటుంది. సార్బిట్రేట్ అంటారు. కొందరు అలాంటి నైట్రేటు మాత్రలే రోజూ మింగుతారు. అవీ రక్తనాళాలను వదులు చేస్తాయి. అదీ ఇదీ కలిస్తే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది. మనిషి కుప్పకూలుతాడు. ప్రాణం పోవచ్చు. అందుకే సిల్డెనాఫిల్ రాసేముందు, నైట్రేటు మాత్రలు వాడుతున్నారా అని మేం అడుగుతాం. పొడి అమ్మేవాడు అడగడు. పొడి కొన్న మనిషి తాను వేసుకున్నది సిల్డెనాఫిల్ అని అనుకోడు. వేరు తిన్నాననుకుంటాడు.

ఇది నేను భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 దాకా పట్టుకున్న కల్తీ సప్లిమెంట్ల చిట్టా చూస్తే మొత్తం 776. అందులో దాదాపు సగం ఇలాంటి శృంగార శక్తి మందులే. వాటిలో ఎక్కువగా దొరికిన కల్తీ సిల్డెనాఫిల్. డబ్బా మీద మాత్రం అంతా ప్రకృతి సహజం అనే ఉంటుంది.

మళ్లీ చెబుతున్నాను. అరగంటలో పనిచేసిన పొడిలో మూలిక ఒక్కటే లేదు. గుండె మందులు వాడేవాళ్లు అలాంటి పొడిని ముట్టుకోవద్దు. పొలంలో ఉండి వింటున్నవాళ్లు, ఇంటికెళ్లాక మీ నాన్నగారికో, బాబాయికో ఈ మాట చెప్పండి.

మగతనం కోసం మనిషి తినని వస్తువు లేదు. మన కోస్తా జిల్లాల్లో గాడిద మాంసం సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. పశ్చిమగోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు ఆదివారాల్లో అమ్ముతున్నారని, పోలీసులు పట్టుకున్నారని వార్తలు వస్తూనే ఉన్నాయి. నడుంనొప్పి పోతుందట, ఆయాసం పోతుందట, మగతనం పెరుగుతుందట. ఏ ఒక్కదానికీ ఆధారం లేదు. మన ఆహార భద్రత నిబంధనల్లో తినడానికి అనుమతించిన జంతువుల జాబితాలో గాడిదే లేదు. ఇటుక బట్టీలూ చాకిరేవులూ వదిలేశాక ఎవరికీ పట్టని ఆ జీవం దేశంలో 2012 నుంచి 2019 మధ్య పశుగణనలో నూటికి అరవై వంతులు తగ్గిపోయింది. అంతా ఈ మాంసం వల్లే అనను, యంత్రాలు రావడమూ ఒక కారణం. కానీ ఉన్న కొద్దిపాటి గాడిదల్ని ఎక్కడో రాజస్థాన్ నుంచి లారీల్లో తెప్పించి మరీ కోసుకు తింటున్నామంటే, మన మగవాళ్ల దిగులు ఎంత దూరం ప్రయాణిస్తోందో చూడండి.

మరి తిన్నవాళ్లు బాగుందంటారే అని మీరు అడగవచ్చు. అంటారు. నిజంగానే బాగుంటుంది కూడా, కొన్నాళ్లు. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పెద్ద శాస్త్రవేత్త, 72 ఏళ్ల వయసులో, కుక్కల వృషణాలూ గినీపందుల వృషణాలూ నూరి తీసిన రసాన్ని తనకు తానే ఇంజెక్షన్ చేసుకున్నాడు. బలం తిరిగొచ్చింది, మెట్లు చకచకా ఎక్కుతున్నాను అని నిండు సభలో చెప్పాడు. ఆ రసంలో హార్మోను ఏ పనీ చేయనంత తక్కువని తర్వాత తేలింది. అంత పెద్ద శాస్త్రవేత్తకు కూడా బలం ఇచ్చింది నమ్మకమే. వయాగ్రాను పరీక్షించినప్పుడు పోల్చి చూడటానికి కొందరికి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. వాళ్లలోనూ నలుగురిలో ఒకరు మెరుగైందన్నారు! మనసు పాత్ర అంత ఉంది ఈ వ్యవహారంలో. మగతనం పెంచుతుందనే మునక్కాయ మహిమ కూడా ఇంతే. మూడు ముళ్ళు సినిమా చూసి నవ్వుకున్నవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. మునక్కాయ మాత్రం నిక్షేపంగా తినండి, పీచు పదార్థం, ఒంటికి మంచిది.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను.

ఒక ప్రశ్న మీకు మీరే వేసుకోండి. తెల్లవారుజామున నిద్రలేచేటప్పుడు స్తంభన ఉంటోందా? ఉంటుంటే యంత్రాంగం చాలావరకు బాగానే ఉందని, దిగులో, అలసటో, ఇంట్లో మనస్పర్థలో కారణమని అనుకోవచ్చు. అది కూడా నెలల తరబడి లేకపోతే ఒంట్లో ఏదో ఉందేమో చూడాలి. ఎప్పుడో ఒక రాత్రి కుదరకపోతే అది జబ్బు కాదు. మూడు నెలలకు మించి అలాగే ఉంటే డాక్టరు దగ్గరకు రండి.

వచ్చి ఏమనాలి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కడుపునొప్పి అంటారు, నీరసం అంటారు, అసలు సంగతి గడప దాటి వెళ్లేటప్పుడు చెబుతారు. ఒక్క వాక్యం చాలు. డాక్టరుగారూ, దాంపత్యంలో ఇబ్బందిగా ఉంది. అంతే. మిగతాది మేం అడుగుతాం. సిగ్గుపడాల్సిన పని మీకు లేదు. మేం అడగకపోతే ఆ సిగ్గు మాది.

అప్పుడు మేం చూసేవి పెద్ద ఖర్చులేమీ కావు. బీపీ. పరగడుపున షుగరు, మూడు నెలల సగటు షుగరు. కొలెస్ట్రాలు. కోరికే తగ్గిపోయిందంటే మగ హార్మోను పరీక్ష. అది పొద్దున్నే ఇవ్వాలి, ఆ వేళకే ఒంట్లో ఎక్కువగా ఉంటుంది. మీరు వాడుతున్న మందుల చీటీ కూడా తెచ్చుకోండి. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు, మానసిక జబ్బులకు ఇచ్చే కొన్ని మాత్రలు పటుత్వాన్ని తగ్గిస్తాయి. అలాగని మీ అంతట మీరు మానేయొద్దు. చెబితే మేం మారుస్తాం. బీపీ మాత్ర చెప్పకుండా మానేసి పక్షవాతం తెచ్చుకున్నవాళ్లను చూడటం మాకు చాలా బాధ.

మందు లేకుండా బాగయ్యేవీ ఉన్నాయి. నడక. వారంలో నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు, చెమట పట్టేలా, ఆరు నెలలు. ఇది పటుత్వాన్ని పెంచుతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. పొట్ట తగ్గించడం. కొవ్వు మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేస్తుంది, అందుకే ఆ మాట. సిగరెట్టు, బీడీ, ఖైనీ, గుట్కా మానడం. నిద్ర. షికాగోలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను ఒక్క వారం రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే వాళ్ల మగ హార్మోను నూటికి పది, పదిహేను వంతులు పడిపోయింది. రాత్రి రెండింటిదాకా ఫోను చూసి, పొద్దున్నే పెన్నేరు గడ్డ పొడి తింటే ఏం లాభం చెప్పండి?

జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. కండల కోసం మగ హార్మోను ఇంజెక్షన్లు ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. బయట నుంచి హార్మోను వస్తే లోపల తయారీ ఆగిపోతుంది. వీర్యకణాల తయారీ కూడా ఆగుతుంది. కండలు వస్తాయి, పిల్లలు పుట్టరు. ఇంజెక్షన్లు మానినా మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

ఆడవాళ్లకు చెబుతానన్నాను. అమ్మా, మీ ఆయన ఈమధ్య మీకు దూరంగా జరుగుతుంటే, చీటికిమాటికి చిరాకుపడుతుంటే, ఇంకెవరో ఉన్నారని గాని, మీమీద ఇష్టం పోయిందని గాని వెంటనే అనుకోవద్దు. చాలామంది మగవాళ్లు ఓడిపోతామన్న భయంతో ప్రయత్నమే మానేస్తారు. గదిలో ఆ విషయం ఎత్తొద్దు. పగటిపూట, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ఒకసారి షుగరు చూపించుకుందాం, నేనూ చూపించుకుంటాను అనండి. షుగరు పేరుతో రప్పిస్తే మిగతాది డాక్టరు చూసుకుంటాడు. అలమరాలో, స్కూటరు డిక్కీలో ఏదైనా పొట్లం కనిపిస్తే గొడవ చేయకండి. ఏమిటో, ఎక్కడ కొన్నారో అడగండి. పారేయకండి, డాక్టరుకు చూపించండి.

ఆఖరుగా, క్షణం ఆలస్యం చేయకూడని రెండు సందర్భాలు. మొదటిది. ఏ మందైనా, ఏ పొడైనా వేసుకున్నాక స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, నొప్పిగా ఉంటే, సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే ఆ భాగం శాశ్వతంగా దెబ్బతింటుంది.

రెండోది. అలాంటి పొడి వేసుకున్న రోజునో, మర్నాడో ఛాతీలో నొప్పి వస్తే, నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్లు కంగారులో పెట్టబోయినా వద్దనండి. సిల్డెనాఫిల్ వేసుకున్నాక ఒక రోజు, అదే తరహాలో టడలాఫిల్ అనే ఇంకో మందుంది, అది వేసుకుంటే రెండు రోజులు గడిచేదాకా నైట్రేటు వాడకూడదు. పొడిలో ఏది కలిపారో మీకు తెలియదు కాబట్టి రెండు రోజులనే లెక్క పెట్టుకోండి. 108కి ఫోను చేయండి. వాళ్లు రాగానే ఏం వేసుకున్నారో, ఏ వేళకు వేసుకున్నారో చెప్పండి. పక్కన అత్తగారున్నా, పిల్లలున్నా చెప్పాల్సిందే. నోటితో చెప్పలేకపోతే ఆ పొట్లం వాళ్ల చేతిలో పెట్టండి. దాన్ని చూసి ఏ మందు ఇవ్వకూడదో వాళ్లు తెలుసుకుంటారు.